పచ్చ అంటే ఏ రంగు? మీ ఇంట్లో ఏమంటారో ఊరి పేరుతో సహా చెప్పండి

ఓఎంఆర్ అనువాదం
చెన్నై తెలుగువాళ్ళందరికీ నమస్కారం. ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో ఒక కంపెనీలో యాప్‌లను తెలుగులోకి మార్చే పని చేస్తున్నాను. ఇప్పుడు చేతిలో ఉన్నది బట్టలమ్మే యాప్. రంగులు ఎంచుకునే చోట గ్రీన్‌కి 'పచ్చ' అని, ఎల్లోకి 'పసుపు' అని పెట్టాను. టెస్టింగ్ చేసే అమ్మాయిది రాజమండ్రి. "పచ్చ నొక్కితే పసుపు చీరలు రావాలి కదా, ఆకుపచ్చవి వస్తున్నాయి" అని యాప్‌లో తప్పుందంటూ బగ్ రాసింది. మా మేనేజరు తమిళాయన. "పచ్చై అంటే గ్రీనే కదమ్మా, దీనికో బగ్గా" అని మూసేశాడు. ఆ అమ్మాయి మళ్ళీ తెరిచింది. ఇద్దరి మధ్య నేనున్నాను. మీ ఇళ్ళలో ఉత్తినే 'పచ్చ' అంటే ఏ రంగు?

నెల్లూరు టు నుంగంబాక్కం
మాది నెల్లూరు. మా అమ్మ ఉత్త పచ్చ అందంటే పసుపే. గ్రీన్ కావాలంటే ఆకుపచ్చ, చిలకపచ్చ అని ముందేదో ఒకటి తగిలిస్తుంది. "పిల్ల పచ్చగా దబ్బపండులా ఉంది" అంటాం కదా, ఇది మా తమిళ రూమ్మేట్‌కి చెప్తే "పిల్ల గ్రీన్‌గా ఉంటే పెళ్ళిచూపులెందుకు, ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నాడు. చెపాక్‌లో చెన్నై సూపర్ కింగ్స్ మ్యాచ్ ఉన్న రోజు లోకల్ రైలంతా పచ్చగా ఉంటుంది. ఈ మాట తెలుగువాడికి చెప్తే అర్థమవుతుంది, తమిళుడికి చెప్తే పాకిస్తాన్ టీమ్ వచ్చిందా అని అడుగుతాడు.

వేలచ్చేరి వరంగల్
మా దిక్కు పచ్చ అంటే ఆకుపచ్చే ఎక్కువ. ఎల్లోని పసుపుపచ్చ అంటాం. కానీ ఇప్పుడు మీరడిగాక ఆలోచిస్తే, పచ్చజొన్నలు పసుపుగా ఉంటాయి. పచ్చకామెర్లలో కళ్ళు పసుపెక్కుతాయి. అంటే మేమూ రెండూ వాడుతున్నాం, గమనించలేదంతే. మీ మేనేజరుకి చెప్పండి, తప్పు ఆయనదీ కాదు, రాజమండ్రి అమ్మాయిదీ కాదు.

అంబత్తూరు అక్క
కామెర్ల మాట వచ్చింది కాబట్టి. నేను నర్సును. మన ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఇప్పటికీ కామెర్లకి పసరు పోయించుకుని, నయం కాకపోతే ఆసుపత్రికి వస్తారు. ఇక్కడ తమాషా చూడండి, జబ్బు పేరులో ఉన్న పచ్చ పసుపు రంగు, మందు పేరులో ఉన్న పసరు ఆకు రంగు. రెండూ ఒకే మాట పిల్లల్లాగే వినిపిస్తాయి నాకు. పసరు సంగతి ఎలా ఉన్నా ముందు రక్తపరీక్ష చేయించండి. రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరిగితే కళ్ళు పసుపెక్కుతాయి. అది ఎందుకు పెరిగిందో తేలకుండా ఏ మందు వేసినా లాభం లేదు.

పెరంబూరు పెద్దాయన
అమ్మాయ్ అంబత్తూరూ, నీ చెవి సరిగ్గానే పట్టింది. ద్రావిడ భాషల మాటల మూలాలను ఒకచోట చేర్చిన బరో, ఎమెనో నిఘంటువులో (మొదటి కూర్పు 1961, రెండోది 1984) పచ్చ, పచ్చి, పసి, పసరు, పసిమి, పసుపు, పసిడి, పైడి అన్నీ ఒకే మూలం కిందకు వస్తాయి. పసిపిల్ల దగ్గర మొదలుపెట్టి బంగారం దాకా ఒకే కుటుంబం.

ఇంక బ్రౌన్ దొర. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది మన వేపేరిలోనే. అందులో పచ్చకి పసుపు రంగు ఉంది, ఆకుపచ్చ ఉంది, మరకతమూ ఉంది. కాబట్టి ఈ గొడవ కొత్తదేం కాదు, మన యాప్‌కి ఇప్పుడు తగిలిందంతే.

తమిళానికి ఈ అలవాటు లేదనుకోకండి. మేలిమి బంగారాన్ని వాళ్ళు పసుంబొన్ అంటారు. సంగకాలపు పాత తమిళ కవిత్వంలో ప్రియుడు దూరమైన అమ్మాయి ఒంటికి ఒక పాలిపోయిన రంగు వస్తుంది, దాని పేరు పసలై. అది పసుపు ఛాయే, ఆకుపచ్చ కాదు. ఇప్పటి వాడుకలో పసుపు రంగు మొత్తం మంజళ్ అనే మాటకి పోయింది, పచ్చైకి ఆకుపచ్చ మిగిలింది. మనం మాత్రం పంచుకోలేదు.

సంస్కృతమూ అంతే. హరితం అంటే ఆకుపచ్చ అని మన ప్రభుత్వ పథకాల పేర్లు చూసి అనుకుంటాం. హరిద్ర అంటే పసుపుకొమ్ము. హరితాళం అంటే పసుపు రంగు ఖనిజం. నిఘంటువులో హరితానికి రెండు రంగులూ ఉన్నాయి.

నెల్లూరు టు నుంగంబాక్కం
పెద్దాయన గారూ, మరి పచ్చ కర్పూరం? అది తెల్లగా ఉంటుంది! లడ్డూలో వేసేది. ఇక్కడ కిరాణా కొట్లో కూడా పచ్చై కర్పూరం అనే అడుగుతాం. పసుపూ కాదు, ఆకుపచ్చా కాదు.

తిరుత్తణి రైతుబిడ్డ
చాలాసేపటి నుంచి చదువుతున్నా, ఇప్పుడు చెప్తా. మీరంతా రంగు పట్టుకుని వేలాడుతున్నారు. మా వైపు ఈ మాటకి రంగుతో పని తక్కువ. ఒక చిన్న పని చేయండి, దేని ముందు పచ్చి ఉందో దాని ఎదుటి మాట ఏమిటో అడగండి.

పచ్చిమిర్చికి ఎదురు ఎండుమిర్చి. ఎర్రమిర్చి అని వంటింట్లో ఎవరన్నా అంటారా? పచ్చి రొయ్యలకి ఎదురు ఎండు రొయ్యలు, పచ్చి రొయ్య ఏ రంగులో ఉంటే మనకేంటి. పచ్చి పాలకి కాచిన పాలు. పచ్చి కాయకి పండు. పచ్చి ఇటుకకి కాల్చిన ఇటుక. గోడకి సున్నం వేశాక "ఇంకా పచ్చిగా ఉంది, చెయ్యి పెట్టకు" అంటాం, గోడ తెల్లగానే ఉంటుంది. పచ్చి పుండు అంటే మానని పుండు, అది ఎర్రగా ఉంటుంది. పచ్చి బాలింత అంటే కాన్పయి ఒళ్ళు ఇంకా ఆరని మనిషి. ఎండలేదు, ఉడకలేదు, కాలలేదు, ఆరలేదు, మానలేదు. తడి ఇంకా లోపలుంది. అదీ పచ్చి. పచ్చ కర్పూరం కూడా ఈ లెక్కలోకే వస్తుంది, రంగు లెక్కలోకి రాదు.

ఇంకోటి. ఇక్కడ బియ్యం కొట్టుకెళితే పచ్చరిసి కావాలా పుళుంగలా అని అడుగుతాడు. పచ్చరిసి తెల్లగా ఉంటుంది, వడ్లు ఉడకబెట్టకుండా ఆడించినవి కాబట్టి ఆ పేరు. మా ఇంట్లో పచ్చిబియ్యం, ఉప్పుడుబియ్యం.

వేలచ్చేరి వరంగల్
బాబాయ్, మా పచ్చిపులుసు సంగతి మీ లెక్కలో సరిగ్గా పడింది. చింతపండు పులుసే, పొయ్యి మీద పెట్టం, అందుకే పచ్చి. ఇక్కడ హోటళ్ళలో దాన్ని రసం పక్కన పెట్టి వేడిచేసి ఇస్తున్నారు. వేడిచేశాక అది పచ్చిపులుసు ఎలా అవుతుంది?

అంబత్తూరు అక్క
అదే నేనూ అడుగుదామనుకున్నా. పోనీ తాలింపు వేడిగా వేస్తారు కదా తమ్ముడూ?

వేలచ్చేరి వరంగల్
తాలింపు వరకే అక్కా. పులుసు మరగకూడదు. ఉల్లిపాయ ముక్క పంటికింద కరకరమనాలి.

మారతహళ్ళి మనిషి
బెంగళూరు నుంచి. మీ వేదికలోకి దూరినందుకు ఏమీ అనుకోవద్దు. కన్నడం చూస్తే రైతుబిడ్డ గారి మాట ఇంకా బాగా తెలుస్తుంది. మన ప కన్నడంలో చాలా చోట్ల హ అయింది. పాలు హాలు, పులి హులి. అలాగే మన పచ్చి వాళ్ళకి హసి, మన పసికూన వాళ్ళకి హసుగూసు, ఆకుపచ్చ హసిరు. పచ్చబొట్టుని హచ్చె అంటారు. ప అలాగే నిలిచిన మాట కూడా ఒకటుంది, మరకతాన్ని పచ్చె అంటారు. పసుపు రంగుకి మాత్రం హళది, అది సంస్కృత హరిద్ర వైపు నుంచి వచ్చింది. పని ఇద్దరు పంచుకున్నారు కాబట్టి ఇక్కడ యాప్‌లో బగ్ రాదు.

ఓఎంఆర్ అనువాదం
పచ్చబొట్టు నిజంగా పచ్చగా ఉండదు కదా? మా అవ్వ చేతి మీద ఉన్నది నీలంగా ఉంటుంది.

అంబత్తూరు అక్క
సిరా నల్లదే. ఎక్కువగా మసే వాడేవాళ్ళు. చర్మం కింద చేరాక వెలుగు చర్మంలో చెదిరి బయటికొస్తుంది కాబట్టి నల్లది నీలం–ఆకుపచ్చగా కనిపిస్తుంది. చేతి నరాలు నీలంగా కనపడటంలోనూ ఇలాంటి కారణమే ఉంది, లోపలున్న రక్తం ఎర్రదే కదా. తమిళంలో కూడా పచ్చై కుత్తడమే.

పెరంబూరు పెద్దాయన
రైతుబిడ్డా, నీ పరీక్ష నాకు నచ్చింది గానీ దానికి ఒక చిక్కుంది. తడి, లేత, ఉడకనిది అని పచ్చికి చెప్పావు, ఒప్పుకున్నా. మరి మామిడిపండు పండితే "పచ్చగా పండింది" అంటాం. అక్కడ పచ్చకి ఎదురు పచ్చి! కాయ పచ్చి, పండు పచ్చ. దబ్బపండు పచ్చ, బంగారం పచ్చ. వీటిలో లేతదనం ఎక్కడుంది? చివర ఇ ఉంటే ఒక దారి, లేకపోతే ఇంకో దారి అయింది. పచ్చిశనగపప్పు రంగు పచ్చే, కానీ దాన్ని పచ్చి అనేది వేయించలేదు కాబట్టి.

తిరుత్తణి రైతుబిడ్డ
మంచి చిక్కే పెట్టారు. దానికి నా దగ్గరున్న జవాబు సంక్రాంతి సంతలో ఉంది. పొంగల్ ముందు కోయంబేడులో చెరుకు గడల పక్కనే పసుపు మొక్కలు వేళ్ళతో సహా కట్టలు కట్టి అమ్ముతారు, చూసే ఉంటారు. కుండ మెడకి కడతారు. పైన ఆకు, కింద కొమ్ము. మన మాటలో రెండూ పచ్చే. వరిచేను చూడండి, నాటిన నెలకి పచ్చ, కోతకొచ్చేటప్పటికి బంగారు పచ్చ. పాతకాలపు మనిషి ఆకుపచ్చని, పసుపుని రెండు రంగులుగా చూడలేదు, ఒకే పంట రెండు వయసులుగా చూశాడని నాకనిపిస్తుంది. భాషాశాస్త్రం ఏమంటుందో మీరే చెప్పాలి.

పెరంబూరు పెద్దాయన
శాస్త్రం వైపు నుంచి ఒక సంగతి ఉంది. బెర్లిన్, కే అనే ఇద్దరు 1969లో ప్రపంచ భాషల్లో రంగుల పేర్ల మీద పుస్తకం రాశారు. తెలుపు, నలుపు, ఆ తర్వాత ఎరుపు, ఆ తర్వాత ఆకుపచ్చ గానీ పసుపు గానీ, ఈ వరసలో భాషలకి రంగుల పేర్లు ఏర్పడతాయని వాళ్ళ వాదం. చాలా భాషల్లో ఆకుపచ్చ నీలంతో కలిసి ఒకే పేరు పెట్టుకుంటుంది. జపాన్ వాళ్ళు సిగ్నల్‌లో ఆకుపచ్చ దీపాన్ని నీలం మాటతోనే పిలుస్తారు. మనలా పసుపుతో కలిసినవి తక్కువ. నీ వరిచేను వాదం నాకు ఇష్టమే గానీ, వరి పండించే తమిళులకి మంజళ్ విడిగా ఎందుకు ఉందో కూడా నువ్వే చెప్పాలి మరి.

నెల్లూరు టు నుంగంబాక్కం
నాకైతే ఈ కలిపేయడం లాభంగానే ఉంది. టెన్నిస్ బంతి ఏ రంగు అని మా ఆఫీసులో రోజంతా కొట్టుకున్నారు. టీవీలో బాగా కనపడాలని 1972లో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య ఈ బంతి తెచ్చింది, కాగితం మీద ఎల్లో. సగం మందికి అది గ్రీన్. తెలుగులో పచ్చ బంతి అంటే పోయింది. 2019లో వచ్చిన కొత్త 20 రూపాయల నోటు చూడండి, రిజర్వు బ్యాంకు దాని రంగుని ఆకుపచ్చ కలిసిన పసుపు అని రెండు మాటల్లో రాసుకుంది. మనకి పచ్చనోటు అని ఒక్క మాట చాలు.

అన్నట్టు ఒకప్పుడు చెన్నై రాజకీయం మొత్తం కూడా పచ్చే. జయలలిత గారి చీర పచ్చ, కరుణానిధి గారి శాలువా పచ్చ :)

వేలచ్చేరి వరంగల్
హహ, అది తమిళంలో చెప్తే రెండు పార్టీల వాళ్ళూ తంతారు.

పెరంబూరు పెద్దాయన
మన దగ్గర ఇంకా చిక్కు. 1982లో రామారావు గారు పార్టీ పెట్టారు, జెండా పసుపు. జనం పచ్చ జెండా, పచ్చ కండువా అన్నారు. నేను రైల్వేలో పనిచేసినవాణ్ణి, మాకు పచ్చ జెండా అంటే గార్డు ఊపేది, బండి కదలాలని. పేపర్లో "పచ్చజెండా ఊపారు" అని హెడ్డింగు కనపడితే అనుమతి ఇచ్చారా, పార్టీలో చేరారా అని లోపల చదివి తెలుసుకోవాలి.

నిర్వాహకుడు
జెండాల వరకూ బాగానే ఉంది. ఇక్కడి నుంచి పార్టీల మీదకి వెళ్తే మాత్రం పోస్టులు తీసేస్తాను. రెండు సాయంత్రాల క్రితమే ఒక చర్చ మూసేయాల్సి వచ్చింది.

అంబత్తూరు అక్క
పాల ప్యాకెట్ల గురించి మాట్లాడుకుందాం, ఎవరూ కొట్టుకోరు. ఆవిన్ పచ్చ ప్యాకెట్ తెమ్మని అత్తగారు అంటే మా ఆయన పచ్చి పాలు అని విని పాల మనిషి దగ్గర క్యాన్‌లో తెచ్చాడు. ఆవిడకి చెన్నై వచ్చిన నెలలోనే ఇక్కడి భాష పట్టేసింది. నీలం ప్యాకెట్, పచ్చ ప్యాకెట్, ఆరంజి ప్యాకెట్ అని వెన్నశాతం రంగుతోనే చెప్తుంది. పచ్చ అంటే అక్కడ గ్రీన్, అనుమానం లేదు. ఊళ్ళో ఉన్నప్పుడు అదే ఆవిడ పచ్చ అంటే పసుపు.

వేలచ్చేరి వరంగల్
పచ్చయ్యప్ప కాలేజీ మెట్రో స్టేషన్ గ్రీన్ లైన్ మీదే ఉంది, ఎవరన్నా గమనించారా? నేను రోజూ ఆ దారినే వెళ్తాను. మొదట్లో స్టేషన్ పేరే లైన్ పేరు అనుకున్నాను.

పెరంబూరు పెద్దాయన
ఆ పేరు పచ్చయ్యప్ప మొదలియార్ (1754–1794) గారిది, ఈస్టిండియా కంపెనీ రోజుల్లో దుబాసీగా, అంటే రెండు భాషల మధ్యవర్తిగా పనిచేసి దానధర్మాలకి ఆస్తి రాసిపోయినాయన. ఆ సొమ్ముతో 1842లో బడి పెట్టారు, అదే తర్వాత కాలేజీ అయింది. పచ్చయమ్మ అని ఇక్కడ గ్రామదేవత కూడా ఉంది. పైరు పచ్చదనమే ఆవిడ రూపం.

ఓఎంఆర్ అనువాదం
అందరికీ చాలా థాంక్స్. ఈ చర్చ లింకు మా మేనేజరుకి చూపించి, అర్థం చెప్పాను. బటన్‌ల మీద ఆకుపచ్చ, పసుపుపచ్చ అని రాస్తున్నాం. వెతికే చోట ఎవరైనా ఉత్త పచ్చ అని టైప్ చేస్తే రెండు రంగుల చీరలూ చూపిస్తుంది. టెస్టర్ అమ్మాయి బగ్ మూసేసింది. కానీ ఇంకో అనుమానం మిగిలింది. పచ్చి అబద్ధం, పచ్చి మోసం, పచ్చి బూతు అంటాం కదా. అబద్ధానికి తడేంటి, లేతదనమేంటి? రైతుబిడ్డ గారి లెక్క ఇక్కడ పనిచేస్తుందా?

తిరుత్తణి రైతుబిడ్డ
పనిచేస్తుంది. అబద్ధం చెప్పేవాడు మామూలుగా దాన్ని కాస్త వండి పెడతాడు, కొంచెం నిజం కలుపుతాడు, ఉప్పూకారం వేస్తాడు. ఏమీ వండకుండా అలాగే ముందు పడేస్తే పచ్చి అబద్ధం. బూతు కూడా అంతే, చాటుమాటు లేకుండా.

మారతహళ్ళి మనిషి
తమిళంలో పచ్చై పొయ్, మలయాళంలో పచ్చక్కళ్ళం. అందరిదీ ఒకటే అబద్ధం. మలయాళంలో కాచని మామూలు నీళ్ళని పచ్చవెళ్ళం అంటారు. ఇది మనకెక్కడ ఉందా అని వెతుకుతున్నా.

నెల్లూరు టు నుంగంబాక్కం
మా నాయనమ్మ ఏకాదశి నాడు "పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు" అనేది. అది ఇదే!

పెరంబూరు పెద్దాయన
బాగా దొరికింది. మరి దీనికి జవాబు చెప్పండి. హిందీ నుంచి మనం పక్కా అనే మాట తెచ్చుకున్నాం. దాని మూలం పక్వం, అంటే పండినది, ఉడికినది. సరిగ్గా పచ్చికి ఎదుటి మాట. అయినా పచ్చి మోసం అన్నా పక్కా మోసం అన్నా మోసం పూర్తిగా జరిగిందనే కదా చెప్తున్నాం. ఉడకనిదీ, ఉడికిందీ ఒకే పని చేస్తున్నాయి.

వేలచ్చేరి వరంగల్
ఒకే పని కాదనుకుంటా పెద్దాయన గారూ. పక్కా ప్లాను అంటాం, పచ్చి ప్లాను అనం. పక్కా మోసం అంటే వాడు ముందే అన్నీ చూసుకుని చేశాడు. పచ్చి మోసం అంటే సిగ్గు లేకుండా కళ్ళ ముందే చేశాడు. నేను పోయిన ఏడాది అద్దె ఇంటి అడ్వాన్సు పోగొట్టుకున్నది పక్కా మోసం, అగ్రిమెంటు కాగితాలు కూడా చూపించారు.

అంబత్తూరు అక్క
అయ్యో తమ్ముడూ. ఇంకోటి చూడండి, పచ్చి అనేది మంచి మాటల ముందు నిలబడదు. పచ్చి తాగుబోతు, పచ్చి స్వార్థపరుడు, పచ్చి అవకాశవాది ఉన్నారు. పచ్చి మంచివాడు, పచ్చి దానకర్ణుడు లేరు. పచ్చ మాత్రం పూర్తిగా ఉల్టా. పచ్చని సంసారం, పచ్చని పందిరి, నిత్యకళ్యాణం పచ్చతోరణం, పదికాలాలు పచ్చగా ఉండాలని దీవెన. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరు, ఒకరికి దీవెనలన్నీ, ఒకరికి తిట్లన్నీ.

తిరుత్తణి రైతుబిడ్డ
పచ్చికి ఒక్క మంచి పని ఉందక్కా, పచ్చిరొట్ట. జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి, పూతకొచ్చే వేళకి నేలలోనే దున్నేస్తాం. ముదిరి పీచు పట్టాక దున్నితే అంత త్వరగా కుళ్ళదు. పచ్చిగా ఉండగానే కలపాలి.

పెరంబూరు పెద్దాయన
పచ్చి నిజం కూడా ఉంది కదమ్మా. నిజం మంచిదే.

అంబత్తూరు అక్క
నిజం మంచిదే గానీ, ముందు పచ్చి పెట్టి ఎవరైనా మొదలుపెడితే వినేవాడికి గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుందండీ.